తీగకూ ఉంది చివరి ఆయకట్టు!

వోల్టేజీ తగ్గితే బల్బు మసకబారుతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఇస్త్రీపెట్టె ఎంతకీ వేడెక్కదు. అంటే కరెంటు తక్కువొస్తే వస్తువు తక్కువ పనిచేస్తుంది, తక్కువ వేడెక్కుతుంది. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. మరి అదే లో వోల్టేజీకి పొలంలో మోటారు కాలిపోతుందెందుకు? తక్కువ తిన్నవాడికి నీరసం రావాలిగానీ అజీర్తి చేయడమేమిటి?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఇది సరదాగా వేసుకునే ప్రశ్న కాదు. యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు బోరు మోటారు కాలిందంటే రైతుకు రెండు కష్టాలు ఒకేసారి మొదలైనట్టే. పైపులన్నీ విప్పుకుంటూ మోటారును పైకి లాగాలి, టౌనుకు తెచ్చి వైండింగ్ చేయించాలి, మళ్లీ దింపాలి. ఆ ఖర్చు ఒకవైపు. ఈలోపు మడి నెర్రెలిస్తుంటే చూస్తూ కూర్చోవడం ఇంకోవైపు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్క రైతు మోటారు నిక్షేపంగా నీళ్లు పోస్తుంటే, తన మోటారే ఏటా ఎందుకు కాలుతోందో అర్థంకాక చాలామంది మోటారు కంపెనీనో వైండింగ్ చేసినవాళ్లనో తిట్టుకుంటారు. అసలు దోషి చాలాసార్లు నెత్తిమీద వేలాడుతున్న తీగే!

దాన్ని పట్టుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. రెండంకెలు చాలు. వోల్టులు ఎన్ని, ఆంపియర్లు ఎన్ని? భాగించడం, హెచ్చించడం వస్తే మిగతా కథంతా ఆ రెండే చెబుతాయి.

కాలువ చెప్పే పాఠం

ఈ ప్రాంతానికి కరెంటు పాఠం చెప్పాలంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువను మించిన నల్లబల్ల లేదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన ఈ లాల్ బహదూర్ కాలువే మిర్యాలగూడను వరికీ, రైస్ మిల్లులకూ పేరుమోసిన ఊరిని చేసింది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లకు తూము ఎత్తితే చాలు, నీళ్లు ఉరుకుతాయి. చివరి ఆయకట్టుకు వచ్చేసరికి ఆ ఉరుకు ఉండదు. మధ్యలో పూడిక, తూటికాడ, పక్క తూములు అన్నీ కలిసి నీటి జోరును తినేస్తాయి.

కరెంటుదీ అచ్చం ఇదే బతుకు. నీళ్లను తోసే ఎత్తు ఉంది చూశారూ, అది వోల్టేజీ. క్యూసెక్కుల్లో కొలిచే ప్రవాహం ఉందే, అది కరెంటు... ఆంపియర్లలో కొలుస్తారు. ఇరుకు కాలువా పూడికా కలిసి ప్రవాహానికి అడ్డుపడినట్టే తీగ కూడా అడ్డుపడుతుంది. దాని పేరు నిరోధం, కొలత ఓములు. లెక్క ఒక్క ముక్కలో...

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు.
వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు.

ఇంట్లో ఇస్త్రీపెట్టెనే తీసుకోండి. మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని రాసి ఉంటుంది. 1000ని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. 230ని మళ్లీ 4.35తో భాగిస్తే 53 ఓములు. పెట్టె లోపలున్న తీగ నిరోధం అన్నమాట. సాయంత్రం అందరి ఇళ్లలో లైట్లు వెలిగేసరికి వోల్టేజీ 180కి పడిపోయిందనుకోండి. తీగ మారలేదు, దాని 53 ఓములూ మారలేదు. కాబట్టి 180ని 53తో భాగిస్తే వచ్చేది 3.4 ఆంపియర్లే. 180ని 3.4తో హెచ్చిస్తే 612 వాట్లు. వోల్టేజీ ఐదోవంతే తగ్గింది, వేడి మాత్రం నూటికి దాదాపు నలభై పాళ్లు పడిపోయింది! చొక్కా ముడత పోవడానికి అంతసేపు పట్టేది అందుకే.

వోల్టులు తగ్గితే ఆంపియర్లూ తగ్గడం, రెండూ తగ్గడం వల్ల వాట్లు మరింత తగ్గడం... ఇస్త్రీపెట్టె, హీటరు, పాతకాలపు బల్బు లాంటివాటి ధర్మం ఇది. మోటారుది వేరే ధర్మం. అక్కడికి వెళ్లేముందు ఈ లెక్క ఎవరిదో తెలుసుకోవాలి.

తాళాల మేస్త్రీ కొడుకు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే మేస్త్రీ ఇంట్లో 1789 మార్చి 16న పుట్టాడు గేయోర్గ్ సైమన్ ఓమ్. తండ్రి పెద్దగా చదువుకోలేదు. అయినా తానే లెక్కలు నేర్చుకుని కొడుకులకు ఇంటిదగ్గర చెప్పాడు. ఓమ్ 1817లో కొలోన్ నగరంలో బడిపంతులుగా చేరాడు. అక్కడి ప్రయోగశాలలోనే తీగలతో కుస్తీ మొదలుపెట్టాడు.

ఆయన చేసిన పని వింటే మన లైన్లు గుర్తుకురాక మానవు. ఒకే లావున్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. పొట్టిది రెండంగుళాలు, పొడవైనది 130 అంగుళాలు. ఒక్కోదాన్నీ కలిపి చూడటం, కరెంటు ఎంత పారిందో రాసుకోవడం... ఇదే పని. తీగ పొడవు పెరిగేకొద్దీ పారే కరెంటు ఒక కచ్చితమైన లెక్క ప్రకారం తగ్గుతోంది! ఆ సూత్రాన్ని 1827లో పుస్తకంగా అచ్చువేశాడు. సొంత దేశంలో ఆదరణ అంతంతమాత్రమే. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చాకగానీ ఆయన గొప్పదనం లోకానికి తెలియలేదు. మ్యూనిక్‌లో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యేసరికి 1852 వచ్చింది. మరో రెండేళ్లకే కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు, ఆంపియరుతోపాటు ఓమ్ పేరునూ కొలతగా ఖాయం చేసింది.

ఓమ్ లెక్కకు తోడు ఇంకో లెక్క చేరింది. ఇంగ్లండులో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్ 1841లో తేల్చిందేమిటంటే, తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే వేడి తొమ్మిదింతలు! మోటార్లు కాలినా ట్రాన్స్‌ఫార్మర్లు పేలినా వాటి వెనక కూర్చుని నవ్వేది ఈ వర్గమే.

కిలోమీటరు తీగ తినేదెంత?

ఇప్పుడు పొలానికి వద్దాం. 5 హార్స్‌పవర్ మోటారు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు, ఐదింటికి 3730. మోటారు తనలో కొంత తినేస్తుంది కనుక నూటికి ఎనభై పాళ్లు పనిలోకి వస్తుందనుకుంటే లోపలికి 4660 వాట్లు పోవాలి. మూడు ఫేజుల మోటారుకు లెక్క కాస్త మారుతుంది. వోల్టులను ఆంపియర్లతో, వాటిని 1.732తో, ఆపైన పవర్ ఫ్యాక్టర్‌తో హెచ్చించాలి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే, 415 వోల్టుల దగ్గర ఆ మోటారు లాగేది 8.1 ఆంపియర్లు.

అలాంటి మోటార్లు పది, కిలోమీటరు పొడవున్న ఒకే లైను మీద వరసగా ఉన్నాయనుకుందాం. పదింటికీ కలిపి 81 ఆంపియర్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది 88 ఆంపియర్లు. అంటే అప్పటికే మెడదాకా వచ్చింది. ఎవరికీ చెప్పకుండా పదకొండో మోటారు తగిలిస్తే 89. గీత దాటినట్టే.

ఇక తీగ సంగతి. 30 చదరపు మిల్లీమీటర్ల లావున్న అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓములు. ఓస్, ఒక్క ఓము కూడా లేదు కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు! పది మోటార్లూ లైను చివరనే ఉన్నాయనుకుంటే 81ని 0.9తో హెచ్చించండి. దాదాపు 73 వోల్టులు తీగలోనే హరీ! మోటార్లు దారి పొడవునా ఉంటాయి కనుక వాస్తవంలో ఇందులో సగానికి కొంచెం ఎక్కువ, అంటే ఒక్కో ఫేజుకు 40 వోల్టులు పోతాయి. 240 ఉండాల్సిన చోట 200. ఫేజుకూ ఫేజుకూ మధ్య చూస్తే 415 ఉండాల్సిన చోట 350 కంటే తక్కువే. నిబంధనల ప్రకారం ఈ తేడా నూటికి ఆరు దాటకూడదు, అంటే 390కి తగ్గకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న రైతుకు 410, చివరి రైతుకు 350. కాలువ మీద ఏం జరుగుతుందో తీగ మీదా అదే జరిగింది!

మరి పోయిన ఆ వోల్టులు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, వేడిగా మారి గాల్లో కలిశాయి. పది మోటార్లూ నడుస్తున్నంతసేపూ మూడు తీగల్లో కలిపి సుమారు ఆరున్నర కిలోవాట్లు. అంటే దాదాపు ఒకటిన్నర మోటార్లు తినే కరెంటు. రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే అరవై యూనిట్లు! ఒక్క చుక్క నీరు తోడకుండా, కొంగలు వాలే తీగను వెచ్చబెట్టడానికే అదంతా ఖర్చు.

తక్కువొస్తే ఎక్కువ లాగుతుంది

అసలు ప్రశ్నకు జవాబు ఇప్పుడు తేలిక. ఇస్త్రీపెట్టెకు చేయాల్సిన పనంటూ లేదు. వచ్చినంత కరెంటును వేడిగా మార్చడమే. మోటారు అలా కాదు. బోరులో అంత లోతునుంచి అన్ని నీళ్లు పైకి తోయాలన్న బరువు దాని మెడమీద ఉంది. వోల్టేజీ తగ్గిందని ఆ బరువు తగ్గదు. వాట్లు ఇంచుమించు అన్నే కావాలి. వోల్టులు తగ్గితే ఆ లోటు పూడ్చడానికి ఆంపియర్లు పెంచి లాక్కుంటుంది.

415 దగ్గర 8.1 ఆంపియర్లు లాగిన మోటారు 350 దగ్గర 9.6 లాగుతుంది. 320కి పడిపోతే 10.5. పెరిగింది రెండు ఆంపియర్లే కదా అనుకోవద్దు. జూల్ చెప్పిన వర్గాన్ని గుర్తుచేసుకోండి. 10.5ను 8.1తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చిస్తే 1.68. వైండింగ్‌లో పుట్టే వేడి నూటికి 68 పాళ్లు పెరిగిందన్నమాట! తీగల మీద పూసిన వార్నిష్ ఆ వేడికి రోజురోజుకూ పెళుసెక్కుతుంది. ఒకనాడు చిట్లుతుంది. రాగికి రాగి తగులుతుంది. ఇంకేముంది... మాడువాసన!

అంతేకాదు. ఒక మోటారు ఎక్కువ లాగితే లైనులో వోల్టేజీ ఇంకాస్త పడుతుంది. దాంతో మిగతా మోటార్లూ ఎక్కువ లాగుతాయి. వోల్టేజీ ఇంకా పడుతుంది. మొదట దెబ్బతినేది లైను చివరివాడే.

ఇక్కడో చిక్కు గమనించాలి. 415ను 1.732తో భాగిస్తే ఫేజుకు 240. దాన్ని 8.1తో భాగిస్తే దాదాపు 30 ఓములు వస్తుంది. మరి వైండింగ్ షాపులో అదే మోటారును మీటరుతో చూస్తే రెండు మూడు ఓములే చూపిస్తుంది. లెక్క తప్పిందా? తప్పలేదు. తిరుగుతున్న మోటారు తనలోనే ఎదురు వోల్టేజీని పుట్టించుకుంటుంది. వచ్చే కరెంటును తలుపు దగ్గరే ఆపేది తీగ నిరోధం కాదు, ఆ ఎదురు వోల్టేజీ. మోటారు తిరగకుండా బిగుసుకుపోయిందా, ఆ కాపలా ఉండదు. ఐదారు రెట్ల కరెంటు ఒక్కసారి లోపలికి దూకుతుంది. లో వోల్టేజీలో స్టార్ట్ చేస్తే జరిగే ప్రమాదం ఇదే. మోటారు కదలడానికి కావాల్సిన బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 320 వోల్టుల దగ్గర ఆ బలం మామూలుగా ఉండేదాంట్లో అరవై పాళ్లే. ఇసుక పట్టిన పంపు అయితే మూలుగుతూ కూర్చుంటుంది, ఆ మూలుగులోనే కాలిపోతుంది.

మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. మిగిలిన రెండూ 1.73 రెట్లు లాగాలి. వర్గం చేస్తే వేడి మూడింతలు! స్టార్టర్ డబ్బాలో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ఓవర్‌లోడ్ రిలే పెట్టేది ఇలాంటప్పుడు మోటారును ఆపేయడానికే. మాటిమాటికీ ఆగిపోతోందని విసుగుపుట్టి దాన్ని తప్పించి డైరెక్టు చేసేయడమంటే, కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేసి దొంగకు తలుపు తీసినట్టే.

బిల్లు లేదు, లెక్క ఉంది

టౌనులో మిల్లు యజమానికి ఈ లెక్కలు ఎవరూ చెప్పనక్కర్లేదు. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న మిల్లుకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ తగ్గితే జేబుకే చిల్లు. కాబట్టి మిల్లులో కెపాసిటర్ల ప్యానెల్ ఉంటుంది, దాన్ని చూసే మనిషీ ఉంటాడు. ఆ మిల్లుకు వడ్లు పండించి పంపే రైతుకు మాత్రం ఆ అవసరం రాలేదు. 1980ల్లో ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలన్న స్లాబు వచ్చాక పొలంలో మీటరుతో పనిలేకుండా పోయింది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశాక బిల్లుతోనే పనిలేకుండా పోయింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది.

ఇవన్నీ రైతుకు ఊరటనిచ్చినవే. కాకపోతే బిల్లుతోపాటు కొలిచే అలవాటూ పోయింది. వాట్లకు డబ్బు కట్టని రైతు, ఆ వాట్లు దారితప్పినందుకు వైండింగ్ రూపంలో కడుతూనే ఉన్నాడు.

ఉచిత కరెంటు తొలినాళ్లలోనే ప్రభుత్వం నాలుగు షరతులు చెప్పింది... కెపాసిటర్, ఐఎస్ఐ గుర్తున్న పంపుసెట్, నీటికి అడ్డుపడని ఫుట్‌వాల్వ్, నున్నటి పైపులు. చాలాచోట్ల కెపాసిటర్ కాగితాల్లోనే మిగిలిపోయింది. దాని విలువెంతో చూడండి. 5 హార్స్‌పవర్ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.95 దాకా లేస్తుంది. తీగ నుంచి లాగే కరెంటు 8.1 నుంచి 6.8 ఆంపియర్లకు దిగుతుంది. వర్గం లెక్కన తీగలో నష్టం నూటికి 29 పాళ్లు తగ్గుతుంది. పది మోటార్లకూ పదిమంది పెడితే చివరివాడి వోల్టేజీ లేస్తుంది. ఒక్కడే పెడితే ఆ లాభమూ ఒక్క పాలే.

ఆటో స్టార్టర్ల కథా అంతే. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పాము పుట్రల మధ్య పొలానికి వెళ్లాల్సిన అగత్యం తప్పించింది ఆటో స్టార్టరే. దాన్ని తప్పుపట్టలేం. కానీ కరెంటు రాగానే పది మోటార్లూ ఒకే క్షణాన లేస్తే? ఒక్కోటి మొదట్లో ఐదు రెట్లు లాగుతుంది కనుక 40 ఆంపియర్లు, పదీ కలిస్తే 400. మోయగలిగింది 88 అయిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 400! వోల్టేజీ కుప్పకూలుతుంది, ఏ మోటారూ సరిగా లేవదు. ఫ్యూజు కొట్టేస్తే అదృష్టం. దాని బదులు లావు తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది ఇందుకే.

తీగ నష్టానికి అసలైన మందు ఇంకోటుంది. 2000ల మధ్యలో ఉమ్మడి రాష్ట్రంలో హెచ్‌వీడీఎస్ పేరుతో అమలైంది. 415 వోల్టుల తీగను కిలోమీటరు లాగే బదులు 11,000 వోల్టుల లైనునే మోటార్ల దాకా తెచ్చి, రెండు మూడు కనెక్షన్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. వోల్టులు ఇరవయ్యారున్నర రెట్లు పెరిగితే అవే వాట్లకు ఆంపియర్లు అన్ని రెట్లు తగ్గుతాయి. 81 కాస్తా మూడవుతుంది. నష్టం వర్గం లెక్కన తగ్గాలి, అంటే ఏడొందలో వంతు! ఆరున్నర వేల వాట్లు పోయే చోట పది వాట్లు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తమకోసం కాస్త తింటాయిగానీ ఈ లాభం ముందు అదెంత!

దామరచర్ల మండలంలో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రానిదీ ఇదే సూత్రం. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4000 మెగావాట్లు. మొదట సిద్ధమైన యూనిట్‌ను 2024 డిసెంబరులో ప్రారంభించారు. ఒక్క యూనిట్ కరెంటును 415 వోల్టుల మీద పంపాలంటే పదకొండు లక్షల ఆంపియర్లు. ఆ కరెంటును మోసే తీగ ఎక్కడ దొరుకుతుంది? అందుకే 400 కిలోవోల్టులకు పెంచి పంపుతారు, అప్పుడది 1155 ఆంపియర్లే. పక్కనే ఇంత పెద్ద కేంద్రం ఉన్నా చుట్టుపక్కల మోటార్లకు వోల్టేజీ దానంతటదే పెరగదు. రైతుకు దక్కే వోల్టేజీని తేల్చేది చివరి కిలోమీటరే.

రెండంకెలతో వైద్యం

మరి రైతు చేయగలిగిందేమిటి? ముందు కొలిపించుకోవాలి. క్లాంప్ మీటరు తీగకు తగలకుండా చుట్టూ పట్టుకుని ఆంపియర్లు చెబుతుంది. అది ఎలక్ట్రీషియన్ల దగ్గరుంటుంది. వోల్టులు చూడాలంటే మాత్రం కరెంటున్న చోట మీటరు ముల్లు పెట్టాల్సిందే, కనుక ఆ పని తెలిసినవాళ్లకే వదలాలి. స్తంభం దగ్గర కొలిచేది లైన్‌మనే. ఫ్యూజు వేద్దామని తామే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు తక్కువమందేం కాదు. మోటారు ఖరీదు మనిషి ప్రాణం కాదు.

స్తంభం దగ్గర 400 వోల్టులు, స్టార్టర్ దగ్గర 386 ఉన్నాయనుకోండి. తేడా 14. దాన్ని 1.732తో భాగిస్తే ఫేజుకు 8 వోల్టులు. మోటారు లాగుతున్నది 8 ఆంపియర్లు. ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే ఒక ఓము. ఎనిమిదిని ఎనిమిదితో హెచ్చిస్తే 64 వాట్లు, మూడు తీగలకూ కలిపి 192. యాభై అరవై మీటర్ల సర్వీసు తీగకు అంత నిరోధం ఉండకూడదు. తీగైనా సన్నగా ఉండాలి, లేదా ఎక్కడో అతుకు వదులై ఉండాలి. వదులు అతుకు సామాన్యమైంది కాదు. స్టార్టర్‌లో ఒక్క స్క్రూ దగ్గర అర ఓము ఉంటే చాలు, 8 ఆంపియర్లకు అక్కడ 32 వాట్ల వేడి. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే!

బోరులోకి దింపే కేబుల్‌కూ ఇదే లెక్క. 150 మీటర్ల పొడవుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే ఫేజులకు మధ్య దాదాపు 15 వోల్టులు దానిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 9. ఎలాగూ వోల్టేజీ తక్కువున్న చివరి రైతుకు ఆ ఆరు వోల్టులూ అక్కరకొచ్చేవే.

కొత్త మోటారు దింపిన రోజునే వోల్టులెన్ని, మూడు ఫేజుల్లో ఆంపియర్లెన్ని అని స్టార్టర్ డబ్బా మూత లోపల రాసిపెట్టుకుంటే అదే మోటారు జాతకం. తర్వాత తేడా వచ్చినప్పుడు పోల్చి చూసుకోవచ్చు. వోల్టులు తగ్గి ఆంపియర్లు పెరిగాయా? జబ్బు లైనుది. వోల్టులు బాగానే ఉండి ఆంపియర్లు పెరిగాయా? బేరింగో, పంపులో ఇసుకో, వైండింగో చూడాలి. వోల్టులు బాగున్నా ఆంపియర్లు తగ్గి నీళ్లూ తగ్గాయా? బోరులో నీళ్లే అడుగంటాయేమో. మూడింట్లో ఒక ఫేజుదే తేడాగా ఉందా? ఆ ఫేజు అతుకులూ ఫ్యూజూ చూడాలి.

ఈ అంకెలకు ఇంకో ప్రయోజనం ఉంది. కరెంటాఫీసుకు వెళ్లి ‘మా మోటార్లు కాలిపోతున్నాయి సార్’ అంటే అది గోడు. విన్నవాళ్లు జాలిపడొచ్చు, పడకపోవచ్చు. అదే ‘పొద్దున పదకొండింటికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 410, లైను చివర 340. పది మోటార్లు నడుస్తున్నాయి. ఆరు శాతం దాటింది’ అని పదిమందీ సంతకాలు పెట్టి కాగితం ఇస్తే? అప్పుడు జవాబూ లెక్కతోనే చెప్పాలి. లైను లావు పెంచుతారా, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేస్తారా, లోడు విడదీస్తారా అన్నది ఇంజినీర్లు తేల్చాలి. అంతకంటే ముందు ఊళ్లో తేల్చుకోవాల్సిందొకటుంది. లైను మొదట్లో ఉన్న రైతు కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి, కెపాసిటర్ పెట్టుకోవాలి, ఆటో స్టార్టర్ తీసేయాలి. తన మోటారు బాగానే నడుస్తోంది కదా అని ఊరుకుంటే, వేసవిలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిననాడు మొదటి రైతుకూ చివరి రైతుకూ ఒకే వోల్టేజీ. సున్నా!